కొయ్య రెక్కలో దాగిన మర

నరసాపురం దగ్గరి పాఠకులొకరు మూడు ఫోటోలు పంపి, తమ సావిట్లో గోడకు వేలాడుతున్న కొయ్య ప్రొపెల్లర్ నిజంగా పాతకాలపు విమానానిదేనా, అయితే ఎంత పలుకుతుందని అడిగారు. వారి తాతగారు దాన్ని కాకినాడ రేవులో కొన్నారట. అప్పటినుంచి ప్రతి దసరాకూ పసుపు కుంకుమలు అద్దుతూ, దాన్ని బాంబుల విమానం రెక్కగా చెప్పుకుంటున్నారు. ఇంట్లో చెప్పుకునే కథను బట్టి వస్తువు వయసు తేలదు కనుక, గత నెలలో నేనే వెళ్లి, ఆ ఊరి వడ్రంగి మేస్త్రి సాయంతో దాన్ని కిందికి దింపించాను.

ప్రొపెల్లర్ అంటే గాలిలోకి దిగే మరమేకు. మరమేకును ఒక చుట్టు తిప్పితే చెక్కలోకి ఎంత దిగుతుందో ఆ దూరమే దాని పిచ్. రెక్క మొదలు చిన్న వలయంలోనూ, కొస పెద్ద వలయంలోనూ తిరుగుతాయి గాని, ఒక చుట్టులో రెండూ ముందుకు జరగవలసిన దూరం ఒక్కటే. ఏటిగట్టు మీదికి అడ్డదారిన ఎక్కితే నిటారుగా, బండిదారిన ఎక్కితే వాలుగా ఉంటుంది; ఎక్కే ఎత్తు మాత్రం మారదు. రెక్క మొదలు అడ్డదారి, కొస బండిదారి. అందువల్లనే అసలైన రెక్క మొదట్లో బాగా ఏటవాలుగా ఉండి, కొసకు వెళ్లేకొద్దీ చదునుగా మెలితిరుగుతుంది. అలంకారానికి చెక్కినవాటిలో చాలావాటికి ఈ మెలిక సరిగా కుదరదు. వాలు అంతటా ఒకేలా ఉంటే రెండు దారులూ రెండు వేర్వేరు గట్లకు చేరతాయి.

మా ప్రొపెల్లర్ నడిమి బొడ్డు మీద, వార్నిష్ కింద, డి 2600, పి 1700 అన్న అచ్చులు మసకగా కనిపించాయి. మొదటిది కొస నుంచి కొసకు వ్యాసం, రెండవది పిచ్, రెండూ మిల్లీమీటర్లలో. బల్లపై చదునుగా పరిచి, నడిమి నుంచి 900 మిల్లీమీటర్ల దూరాన రెక్క వెనుక ముఖాన్ని కొలిచాము. రెండు అంచుల మధ్య అడ్డంగా 160, ఎత్తులో తేడా 48; ఎత్తును అడ్డంతో భాగిస్తే 0.3. ఆ వలయం చుట్టుకొలత 5,655 కాబట్టి, రెంటినీ హెచ్చిస్తే 1,696 వచ్చింది. 450 దగ్గర అడ్డంగా 150, ఎత్తు 90, చుట్టుకొలత 2,827. మళ్లీ 1,696. "ఆయ్, అచ్చుగుద్దినట్టు సరిపోయిందండి" అన్నాడు మేస్త్రి. బడిలో టాన్ థీటా అనగానే గుడి గోపురం, దాని నీడ తప్ప మరో ఉదాహరణ చెప్పని మన పాఠాలకు ఇంతకంటే మంచి లెక్క ఎక్కడ దొరుకుతుంది? అన్ని ప్రొపెల్లర్లలోనూ పిచ్ ఇలా అంతటా సమానంగా ఉండదు గాని, అచ్చులోని అంకెకు దగ్గర్లోనైనా ఉండాలి.

రెక్క అంచున ఏడెనిమిది పలకలు అంటించిన గీతలు, వరిమడి గట్లలా వంపు తిరుగుతూ కనిపించాయి. కొసకు తొడిగిన ఇత్తడి రేకులో సన్నని చిల్లులున్నాయి. ఇంటివారు అవి చిలుము పట్టి పడ్డాయనుకుని లప్పంతో పూడ్చారు. నిజానికి అవి కొయ్యలో చేరిన చెమ్మ బయటికి పోవడానికి పెట్టినవి. 90 హార్స్‌పవర్ కర్టిస్ ఓఎక్స్-5 అనే పాతకాలపు విమాన ఇంజన్ లాగా నిమిషానికి 1,400 చుట్లు తిరిగితే, 2.6 మీటర్ల ప్రొపెల్లర్ కొస సెకనుకు 190 మీటర్ల వేగం అందుకుంటుంది. అక్కడ ఒక గ్రాము నీరు దాదాపు 2.8 కిలోల బరువుతో బయటికి లాగుతుంది. రెక్కల మధ్య ఆమాత్రం తేడా వచ్చినా ఇంజనంతా అదిరిపోతుంది.

ఇక ధర సంగతి. ఏ ఇంజనుకు, ఏ విమానానికి చేశారో తెలిపే అచ్చు, తయారీదారు గుర్తు, తొలినాటి వార్నిష్ చెదరకుండా ఉంటే విలువ ఎక్కువ. 1909 జూలై 25న ఫ్రెంచ్ వైమానికుడు బ్లెరియో ఇంగ్లిష్ చానల్ దాటిన విమానానికున్న షోవియేర్ తయారీ ప్రొపెల్లర్ల వంటి పేరున్నవాటికి గిరాకీ వేరు. జర్మనీలో గరుడ పేరుతోనే ఒక ప్రొపెల్లర్ల కంపెనీ ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో లెక్కకు మిక్కిలిగా తయారై మిగిలిపోయిన రకాలకు అంత పలకదు. బొడ్డుపై ఉక్కు పళ్లెం నొక్కిన గుండ్రని ముద్ర ఉంటే ఇంజనుకు బిగించినదని అర్థం. దీనిపై ఆ ముద్ర లేదు. బహుశా విడిగా ఉంచినదే తప్ప ఎగిరినది కాకపోవచ్చు. పైగా ఎవరో చిత్రిక పట్టి కొత్త వార్నిష్ పూయడంతో తయారీదారు గుర్తు పోయింది, బొడ్డు తొలిచి గడియారం బిగించడంతో సగం అచ్చులు పోయాయి. వస్తువు అసలైనదే, ధర మాత్రం ఉలి కింద పోయింది.

నిలువుగా వేలాడదీస్తే మన డెల్టా చెమ్మ కింది రెక్కలోకి దిగుతుంది, అడ్డంగా ఉంచండని చెప్పి, లప్పం తీయించి వచ్చాను. వారం తరువాత వచ్చిన నాలుగో ఫోటోలో ప్రొపెల్లర్ అడ్డంగానే ఉంది. దాని నడుమ గడియారంలో పన్నెండో అంకె వీధి తలుపు వైపు తిరిగి ఉంది.