ఒరిషా నాట్యం: నన్ను తరచూ అడిగేవి

నేను నేర్పేది ఒరిషాల నాట్యం. ఒరిషాలంటే యోరుబా ప్రజలు కొలిచే దేవతలు. దీని పుట్టిల్లు నైజీరియా నైరుతిలోని యోరుబా సీమ. బానిసలుగా ఓడలెక్కించిన మనుషులతోపాటే క్యూబాకూ బ్రెజిల్‌కూ చేరింది. మనవాళ్లు దీని గురించి అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: క్లాసులో పూనకం వస్తుంది.
రాదు, మేం రప్పించం. అది దీక్ష తీసుకున్నవాళ్లకు, గుడి పెద్దల సమక్షంలో జరిగేది. మేం నేర్చుకునేది అడుగులు, తాళం, వాటి వెనకున్న కథలు. ఆ హద్దు దాటితే ఆ సంప్రదాయాన్ని అవమానించినట్టే.

అపోహ: డోలు ఊపు కోసమే.
యోరుబాలో గొంతు స్థాయిని బట్టి మాటకు అర్థం మారిపోతుంది. 'ఒకొ' అనే మాటను సమంగా పలికితే భర్త, చివర గొంతు పెంచితే పార, దించితే పడవ. డమరుకం ఆకారంలో ఉండే దుండున్‌ను చంకలో పెట్టుకుని, తాళ్లు నొక్కుతూ ఆ స్థాయిలన్నీ పలికిస్తారు. పేర్లు, పొగడ్తలు, సామెతలు దానిమీదే చెబుతారు. అందుకే నా దగ్గర మొదటి అరగంట కాళ్లకు పనుండదు, వినడమే.

అపోహ: ఒరి అంటే మన తలరాతే.
దగ్గరగానే ఉంది, కానీ ఒక తేడా చాలా పెద్దది. ఒరి అంటే తల, కంటికి కనబడని లోపలి తల కూడా. మన తలరాత బ్రహ్మ రాస్తాడు. యోరుబా నమ్మకంలో మాత్రం పుట్టకముందు మనిషే మోకరిల్లి తన ఒరిని ఎంచుకుంటాడు. ఆ ఒరి ఒప్పుకోనిదే ఏ ఒరిషాకూ సాయం చేయడం కుదరదంటారు. మనసు గురించి ఇంత లోతైన మాట నాకు ఇంకెక్కడా దొరకలేదు.

అపోహ: ఎషు అంటే సైతాను.
19వ శతాబ్దంలో బైబిల్‌ను యోరుబాలోకి తెచ్చినప్పుడు సైతానుకు ఆ పేరు వాడారు, అదే అతుక్కుపోయింది. ఎషు కూడళ్ల దేవుడు, సందేశాలు మోసేవాడు. తొలి మొక్కు ఆయనకే.

అపోహ: ఇది చేస్తే డిప్రెషన్ పోతుంది.
ఇది వైద్యం కాదు. మందులు వాడుతుంటే దయచేసి మానకండి. ఇనుముకు దేవుడైన ఓగున్ అడుగులో అరచేతులు కత్తుల్లా నిలబెట్టి, పొదలు నరుకుతూ దారి చేసుకుంటున్నట్టు ముందుకెళ్తాం. ఒకావిడ చెయ్యి ప్రతిసారీ సగంలోనే ఆగిపోయేది. "ఎవరికైనా తగులుతుందేమోనని భయమండీ" అంది. ఎదురుగా ఎవరూ లేరు. నేను అర్థాలేమీ చెప్పలేదు. తాళం నెమ్మది చేసి, ఎక్కడ ఆగుతోందో ఆవిణ్నే చూసుకోమన్నాను. అక్కడ కనబడినదాన్ని తన కౌన్సెలర్‌తో మాట్లాడుకుంటోంది. క్లాసుకూ వస్తోంది.