ఆకలిని చంపే తిండి ఉందా? అపోహలు – వాస్తవాలు

బరువు తగ్గాలనుకునేవాళ్లు ముందు అడిగేది "ఏం తింటే ఆకలి చస్తుంది?" అనే. అలాంటి తిండి లేదు. కొన్ని ఎక్కువసేపు నిలుస్తాయి, కొన్ని గంటకే ఖాళీ చేస్తాయి. ప్రోటీన్, పీచు, నీరు ఉండి, బాగా నమిలి తినాల్సినవైతే నిలుస్తాయి.

అపోహ: పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

వాస్తవం: చోళ్లు మంచి గింజలే, కాల్షియం దండిగా ఉంటుంది. కానీ గ్లాసు అంబలిలో పడే పిండి 30 గ్రాములనుకుంటే, 100 కేలరీలు, ప్రోటీన్ రెండు గ్రాములే. పైగా మెత్తగా ఆడించిన పిండి, నమిలే పని లేదు. పదిన్నరకల్లా చెయ్యి పునుగుల మీదికి పోతుంది. తప్పు చోళ్లది కాదు, అంబలి ఒక్కదానితో సరిపెట్టడంలో ఉంది. మజ్జిగ కలుపుకొని, పక్కన రెండు ఉడికించిన గుడ్లో (12 గ్రాముల ప్రోటీన్), కప్పు ఉడికించిన ఉలవలో తినండి.

పెసరట్టు ఇంకా మేలు. మనిషికి 60 గ్రాముల పొట్టు పెసలు వేస్తే 14 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. ఐదారు గంటలు నానితే చాలు. పొట్టు కడిగి పారబోయకండి, పీచు అక్కడే ఉంది. కరకరలాడాలని బియ్యం గుప్పెడు పోయొద్దు, చెంచా చాలు. అట్టుకి టీస్పూను నూనె. లోపల ఉప్మా పెట్టారా, లెక్కంతా తారుమారు.

అపోహ: బరువు తగ్గాలంటే బంగాళాదుంప మానేయాలి.

వాస్తవం: 1995లో సిడ్నీలో పరిశోధకులు 38 రకాల ఆహారాలను సమాన కేలరీలుండేలా తినిపించి, రెండు గంటలపాటు ఎవరికెంత కడుపు నిండినట్టుందో కొలిచారు. తెల్ల బ్రెడ్డుకు 100 అనుకుంటే ఉడికించిన బంగాళాదుంపకు 323 వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువ. చేపకు 225. ఇదంతా ఉడికించిన దుంప సంగతి. విశాఖ బీచ్ రోడ్డులో బజ్జీ అయ్యాక అది వేరే తిండి. చేపా అంతే: హార్బర్‌లో దొరికే కానాగంతలు, కవళ్లు పులుసు పెట్టుకుంటే లాభం, నూనెలో ముంచి వేపితే ఆ లాభం పోతుంది.

అపోహ: తేనె నిమ్మరసం ఆకలిని తగ్గిస్తుంది.

వాస్తవం: తగ్గించదు. టేబుల్ స్పూను తేనెలో 60 కేలరీలున్నాయి. అనకాపల్లి బెల్లమైనా కేలరీల్లో పంచదారకు దగ్గరే.

అపోహ: సబ్జా గింజలు, ఇసబ్‌గోల్ పొట్టు ఎంత తింటే అంత మంచిది.

వాస్తవం: ఒక టీస్పూనుతో మొదలుపెట్టండి. సబ్జాను 20 నిమిషాలు నానబెట్టాకే తాగాలి. ఇసబ్‌గోల్‌ను నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. పొడిగా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడవచ్చు. మందులకూ దీనికీ కనీసం రెండు గంటలు, థైరాయిడ్ మందుకైతే నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టవద్దు.

అపోహ: కడుపు నింపే ఈ తిండి రోజూ తింటే చాలు, బరువు తగ్గిపోతాం.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పాత తిండికి ఇవి తోడైతే బరువు పెరుగుతుంది. అన్నం కొంత పళ్లెంలోంచి తీసి ఆ చోట వీటిని పెట్టాలి. 300 గ్రాముల అన్నం సుమారు 390 కేలరీలు. దాన్ని 150 గ్రాములకు దించి, 200 గ్రాముల ఆనపకాయ కూర వడ్డించుకోండి. టీస్పూను నూనెతో వండితే కూరకు 80 కేలరీలు దాటవు. పళ్లెం బరువు పెరిగింది, కేలరీలు మాత్రం వందకు పైగా తగ్గాయి. అదే కూరలో మూడు టేబుల్ స్పూన్ల నూనె పోస్తే నూనెకే 360. ముందు కూర, పప్పు తిని, తర్వాత అన్నం కలుపుకోండి. నిదానంగా తినండి, కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలదాకా పడుతుంది.

ఉక్కు కర్మాగారంలో, పోర్టులో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ పెరగొచ్చు, మనసు తీపికీ వేపుళ్లకూ లాగుతుంది. భోజనం చేసే షిఫ్టుకి బయల్దేరండి. నడిరాత్రికి 30 గ్రాముల వేపిన సెనగలు, ఒక జామకాయ డబ్బాలో పెట్టుకోండి. ఇంటికొచ్చాక పడుకునే గదికి దళసరి కర్టెన్లు వేసి ఏడు గంటలైనా నిద్రపోండి.