ఆ జడ ఎవరు వేశారు?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు, వాళ్ల స్నేహితులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీ ఉత్తరం అందింది. నవల చదివి, దాని ఆధారంగా తీసిన సినిమా చూశారట. కథానాయిక జుట్టు పిచ్చుక గూడులా ఉందనీ, అంత డబ్బు పెట్టి తీసినవాళ్లకు ఒక దువ్వెన దొరకలేదా అనీ రాశారు. చాలాసేపు నవ్వుకున్నాను. ముప్పై ఏళ్లు విగ్గులు అల్లి, గడ్డాలు అతికించి బతికినదాన్ని, జవాబు చెప్పకుండా ఎలా ఉంటాను?

పనిలో చేరిన కొత్తలో నాదీ మీ గోలే. ఒక పాతకాలపు కథలో దిక్కులేని అమ్మాయి పాత్రకు జడ వేయమన్నారు. రెండు గంటలు నిలబడి, నడినెత్తి నుంచి మెడ దాకా సన్న పాయలతో అల్లాను. మాస్టారు చుట్టూ తిరిగి చూసి ఒకే మాట అడిగారు: “ఈ జడ ఎవరు వేశారు?” నేనే అన్నాను, గర్వంగా. “నువ్వు కాదమ్మా, కథలో ఎవరు వేశారు? ఆ పిల్లకు తల్లి లేదు, పనిమనిషి లేదు, గదిలో అద్దమైనా లేదు. వెనక అంత అల్లిక తనకు తానే ఎలా వేసుకుంటుంది?” అంతా విప్పేశాను. చేతికి అందిన జుట్టును అందినట్టే ముడివేసి రెండు పిన్నులు గుచ్చాను. పది నిమిషాల పని. ఆ రెండు గంటల కష్టం పోయినందుకు ఆ రాత్రి ఏడ్చాను కూడా.

అప్పటినుంచి ఏ నవల చేతికిచ్చినా ముందు వెతికేది అందచందాల వర్ణన కాదు. ఆ ఇంట్లో అద్దం ఎక్కడుంది, నీళ్లు ఎవరు మోస్తారు, దీపం ఎంత వెలుగిస్తుంది, ఇవే. ఒక్కోసారి రచయితే జుట్టుకు లెక్క రాసి పెడతారు. 1868లో లూయిసా మే ఆల్కాట్ రాసిన ‘లిటిల్ విమెన్’ చూడండి. మొదటి అధ్యాయంలోనే అక్క మెగ్, పదిహేనేళ్ల జోను మందలిస్తుంది: ఇంత పొడుగయ్యావు, జుట్టు పైకి ముడుస్తున్నావు, ఇక పెద్దదానిలా ఉండమని. జో వెంటనే తలకున్న వల పీకేసి జుట్టు విదిలించుకుంటుంది. ఆ రోజుల్లో ఆడపిల్ల జుట్టు పైకి ముడవడమంటే బాల్యం అయిపోయిందని ఊరందరికీ చెప్పడమే. కాబట్టి ఆ వల ఊడదీయగానే జుట్టంతా ఒక్కసారిగా జారేట్టు పిన్నులు పెట్టాలి. గట్టిగా బిగించారా, సన్నివేశం పాడైనట్టే.

నవంబరులో జో ఆ జుట్టును 25 డాలర్లకు అమ్మేస్తుంది. క్రిస్మస్‌కు తండ్రి తిరిగొచ్చేసరికి ఇంకా పొట్టి ఉంగరాల జుట్టే. మూడేళ్ల తర్వాత మొదలయ్యే రెండో భాగంలో అదే జుట్టు ఒత్తుగా చుట్టిన ముడి అయిందని రాశారు ఆల్కాట్. జుట్టు నెలకు సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. మూడేళ్లకు నలభై సెంటీమీటర్లు వేసుకోండి. చుట్టి ముడి పెట్టడానికి సరిగ్గా సరిపోతుంది! ఆవిడ కొలిచి రాసిందో, చూసి రాసిందో గానీ, మాకు మాత్రం పని తేలిక చేసింది. సినిమా కథ వరసలో తీయరు కదా. పొద్దున పొట్టి జుట్టు, మధ్యాహ్నం పొడుగు జుట్టు. అందుకే నెలలు లెక్కగట్టి ఒక్కో దశకు ఒక్కో విగ్గు చేసి, ప్రతి షాటుకూ నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకుంటాం.

జుట్టు అమ్ముకున్న మరో ఆడది ఫాంటీన్. 1862 నాటి విక్టర్ హ్యూగో ‘లే మిజరబుల్’లో కూతురి కోసం జుట్టును పది ఫ్రాంకులకు, తర్వాత రెండు ముందు పళ్లను నలభై ఫ్రాంకులకు అమ్ముకుంటుంది. జోది చక్కగా కోసిన జుట్టు. ఫాంటీన్‌ది అట్లా ఉంటే ఎవరు నమ్ముతారు? ఒకచోట తల చర్మం కనబడాలి, ఇంకోచోట కుచ్చు మిగలాలి. 2012లో వచ్చిన సినిమాలో నటి తన సొంత జుట్టునే కెమెరా ముందు కత్తిరించనిచ్చింది. అది రెండోసారి తీయగల షాటు కాదు. పళ్లు మాత్రం వెనకవి పీకినట్టు మార్చారు. నాకు నవలలోదే నచ్చింది, ముందు పళ్లు లేని ఆ నవ్వు గుండె పిండేస్తుంది కదా! ఆస్కార్ మేకప్ విభాగం పేరులో కేశాలంకరణ కూడా చేరిన మొదటి ఏడాది ఆ బహుమతి ఆ సినిమాకే వచ్చింది.

మగవాళ్ల తలలూ తక్కువేం కాదు. బ్రిటన్‌లో 1795లో జుట్టు పౌడరు మీద ఏడాదికి ఒక గినీ (ఆనాటి బంగారు నాణెం) పన్ను వేశారు. కుర్రకారు పౌడరు మానేసి జుట్టు కత్తిరించుకున్నారు. ఆ తర్వాతి కాలపు కథలో తెల్లటి పౌడరు తల కనబడితే, పాతకాలం వదలని ముసలాయనో, యజమాని హోదా చూపడానికి నిలబెట్టిన నౌకరో అన్నమాట.

విగ్గు ఎలా చేస్తారని అడిగారు. సాలెగూడంత పలచటి వల మీద, చిన్న కొక్కెమున్న సూదితో వెంట్రుకలు ముడివేస్తాం. వెనకవైపు రెండు మూడు కలిపి వేసినా ఫరవాలేదు. నుదుటి అంచున మాత్రం ఒక్కొక్కటే, అదీ జుట్టు మొలిచే దిక్కుకే. కొత్త కెమెరాలు ఆ వల అంచును కూడా పట్టేస్తాయి. ఈసారి సినిమా చూసేటప్పుడు నుదురు, చెంపల దగ్గర చూడండి. ఏమీ కనబడకపోతే ఎవరో వారాల తరబడి కళ్లు నొప్పి పుట్టేలా పని చేశారని అర్థం.

ఇంకొక్కటి. ‘లిటిల్ విమెన్’లో జో జుట్టు కొన్న మంగలి భార్య, కోసిన ఆ జుట్టులోంచే ఒక పొడుగు పాయ తీసి జోకు ఇస్తుంది. జో తల్లి దాన్ని మడిచి, బల్లలో ఉన్న నెరిసిన పొట్టి పాయ పక్కన దాస్తుంది. ఆ పాయ విగ్గుకు వాడిన జుట్టులోంచే రావాలి, రంగు తేడా కెమెరాకు తెలిసిపోతుంది. నేనైతే రెండు తీసి ఉంచుతాను. ఒకటి ఎక్కడో పెట్టి మరిచిపోవడం ఖాయం.

మీ అమ్మమ్మ