ఓమ్ కొలిచిన అడ్డు

కరెంటు పోయింది, కరెంటు కొట్టింది, కరెంటు డల్‌గా ఉంది... అన్నిటికీ ఒకే మాట వాడేస్తాం. బల్బు మసగ్గా వెలిగితే అసలు తగ్గింది వోల్టేజీ, అంటే తీగలో విద్యుదావేశాన్ని ముందుకు నెట్టే ఒత్తిడి. సెకనుకు ఎంత ఆవేశం దాటిందో చెప్పేది కరెంటు. దారిలో తీగ పెట్టే అడ్డు రెసిస్టెన్స్. వీటి లెక్క తేలడానికి శాస్త్రవేత్తలకే పాతికేళ్లకు పైగా పట్టింది, కాబట్టి ఇక్కడ తికమకపడే పిల్లల్ని తప్పుపట్టలేం.

1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా రెండు రకాల లోహపు బిళ్లలను, మధ్యమధ్య ఉప్పునీటిలో తడిపిన గుడ్డ పెట్టి, దొంతరగా పేర్చి తొలి బ్యాటరీ చేశాడు. అప్పటిదాకా చటుక్కున మెరిసి మాయమయ్యే విద్యుత్తు ఆగకుండా పారింది. 1820లో కరెంటున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం ఎయిర్‌స్టెడ్ గమనించాడు. కరెంటును కొలిచే దారి దొరికింది. అదే ఏడాది ఆంపియర్ ఒత్తిడి వేరు, ప్రవాహం వేరని విడదీసి చెప్పాడు. రెండింటినీ ముడివేసే లెక్క మాత్రం ఇంకా లేదు.

ఆ ముడి వేసింది జర్మనీలోని కొలోన్‌లో పాఠాలు చెప్పుకునే గేయార్గ్ ఓమ్. తాళాలు చేసే పనివాడి కొడుకు. మొదట వోల్టా తరహా బ్యాటరీ వాడితే, తీగ కలపగానే దాని బలం పడిపోయేది. ఒత్తిడే నిలకడగా లేనప్పుడు తీగ అడ్డును కొలిచేదెలా? నా దృష్టిలో ఈ కథంతా ఇక్కడే ఉంది. పోగెన్‌డార్ఫ్ అనే మరో శాస్త్రవేత్త సలహాతో ఓమ్ బ్యాటరీని పక్కనపెట్టి, బిస్మత్ అనే లోహానికి రాగి అతికించి, ఒక అతుకును మరిగే నీటి వేడిలో, రెండోదాన్ని మంచు చల్లదనంలో ఉంచాడు. రెండు అతుకుల వేడిలో తేడా ఉంటే వోల్టేజీ పుడుతుంది. ఆ రెండు ఉష్ణోగ్రతలూ మారవు, కాబట్టి ఒత్తిడీ మారదు. ఇక 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా ఎనిమిది రాగి తీగలను ఒక్కొక్కటే కలిపాడు. పక్కకు తిరిగిన అయస్కాంతపు ముల్లును మళ్లీ మొదటి చోటికి తేవడానికి, దాన్ని వేలాడదీసిన తీగను ఎంత మెలితిప్పాలో చూసి రాసుకున్నాడు; అదే కరెంటుకు కొలత. పొడవు పెరిగేకొద్దీ కరెంటు తగ్గిన తీరు ఒకే సూత్రానికి లొంగింది. పరికరం సొంత అడ్డును కూడా లెక్కలో కలుపుకున్నాక, ఈ రోజు మనం వాడే లెక్కే అది, వోల్టేజీని అడ్డుతో భాగిస్తే కరెంటు: 12 వోల్టులకు మొత్తం అడ్డు 6 ఓమ్‌లైతే 2 ఆంపియర్లు, 12 ఓమ్‌లైతే 1.

1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో ఆదరణ దక్కలేదు. ఓమ్ ఉద్యోగం వదులుకున్నాడు. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చేసరికి 1841 వచ్చింది.

ఓమ్ పుట్టకముందే ఇంగ్లండ్‌లో కావెండిష్ అనే శాస్త్రవేత్త ఈ సంబంధం దగ్గరికి వచ్చాడు. మీటర్లు లేని కాలం కాబట్టి తన ఒంటికి షాక్ కొట్టించుకుని, ఏది ఎక్కువ, ఏది తక్కువ అని పోల్చుకున్నాడు. ప్రచురించలేదు. ఆ కాగితాలను 1879లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ బయటపెట్టాడు. రెండేళ్లకు, 1881లో, పారిస్‌లో కూడిన అంతర్జాతీయ సభ రెసిస్టెన్స్ ప్రమాణానికి ఓమ్ పేరును ఖాయం చేసింది.