తుప్పు కనిపించే చోటు వేరు, తినే చోటు వేరు

పాత కారు ఒకటి కొనుక్కుని రెండేళ్ళుగా దాంతోనే కాపురం చేస్తున్న మా ఫ్రెండ్ ఒకడు మొన్న ఫోన్ చేసి ఒకటే గోల. "గ్రైండర్ పెట్టి తుప్పంతా లేపేశాన్రా, రేకు తళతళలాడేదాకా, ప్రైమర్ కొట్టా, మీద రెండు కోట్లు పెయింట్ వేశా, ఏడాది తిరక్కుండానే డోర్ కింద సరిగ్గా అదే చోట మళ్ళీ పొక్కులు. గాలీ నీళ్ళూ తగలకుండా మూసేశాక తుప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని.

ప్రశ్న భలే నచ్చింది నాకు. తప్పు వాడిది కాదు, స్కూల్లో చెప్పిన పాఠానిది. టెస్ట్ ట్యూబుల్లో మేకులు వేయించి, ఇనుము ప్లస్ నీళ్ళు ప్లస్ ఆక్సిజన్ కలిస్తే తుప్పు అని రాయించి వదిలేశారు. అబద్ధం కాదు గానీ, ఆక్సిజన్ బాగా తగిలేచోటే ఇనుము ఎక్కువ పోతుందని మన బుర్రలో ఫిక్సయిపోయింది. జరిగేది సరిగ్గా తలకిందులు.

1920ల్లో కేంబ్రిడ్జ్‌లో యూలిక్ ఇవాన్స్ అనే శాస్త్రవేత్త ఒక్క నీటిచుక్కతో దీన్ని చూపించాడు. శుభ్రంగా రుద్దిన ఇనపరేకు మీద ఉప్పునీళ్ళ చుక్క. అందులో ఇనుము కరిగినచోట నీలంగా మారే ఫెర్రీసయనైడ్, క్షారం పుట్టినచోట గులాబీరంగు తేలే ఫినాఫ్తలీన్ కలుపుతారు. మొదట్లో రెండు రంగులూ ఎక్కడపడితే అక్కడ మచ్చలుగా వస్తాయి, కాసేపటికి అవే సర్దుకుంటాయి, అంచు చుట్టూ గులాబీ, నట్టనడుమ నీలం, ఆ రెండిటి మధ్య ఉంగరంలా తుప్పు. అంచున చుక్క పల్చగా ఉంటుంది కాబట్టి గాల్లోంచి ఆక్సిజన్ ఈజీగా దిగుతుంది, నడుమ లోతెక్కువ, అందదు. ఆక్సిజన్ అందినచోట ఎలక్ట్రాన్లు ఖర్చవుతాయి, కానీ అవి ఇచ్చి కరిగిపోయేది అందని చోటున్న ఇనుము. ఖర్చు పెట్టేది అంచు, డబ్బులు కట్టేది నడుమ! ఒక్క చుక్కలో పూర్తి బ్యాటరీ.

ఎంత కరెంటు అంటారా, ఎంత కరెంటుకి ఎంత లోహం కరుగుతుందో చెప్పే ఫారడే లెక్క వేసుకుంటే ఒక్క మిల్లీఆంప్ ఏడాది పొడుగునా పారితే 9 గ్రాముల ఇనుము కరిగిపోతుంది. 1 మిల్లీమీటరు మందం రేకులో అది ఒక్కో పక్క దాదాపు మూడున్నర సెంటీమీటర్లుండే చదరపు చిల్లు.

ఇప్పుడు ఆ చుక్కని కారు నిండా వెతకండి, ప్రతిచోటా కనిపిస్తుంది. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డింగ్ చేసిన సందు, బయటి అంచుకి గాలి, లోపల లేదు, అంటే లోపల తింటోంది. మడ్‌గార్డ్ మడతలో పేరుకున్న తడిమట్టి, అడుగున తింటోంది. పెయింట్ మీద గీత పడితే గీత బయటికి బానే ఉంటుంది, తుప్పు పెయింట్ కిందకి పాకుతుంది. అడుగున దట్టంగా పూసే రబ్బరులాంటి అండర్‌కోటింగ్ ఎండి పగిలిందంటే నీళ్ళు లోపలికి పోతాయి గానీ బయటికి రావు, చేజేతులా పెద్ద చుక్క తయారుచేసి పెట్టినట్టే. పుట్టీ కూడా అంతే, వాటర్‌ప్రూఫ్ కాదది, తేమ పీలుస్తుంది, చిల్లు మీద పుట్టీ పెట్టి నున్నగా చేసి రంగేయడం రిపేరు కాదు, నాకు అది చూస్తేనే ఒళ్ళు మంట.

తళతళలాడేదాకా గ్రైండ్ చేశాడన్నాడు కదా, అక్కడ ఇంకో మెలిక ఉంది. అలా మెరిసే రేకుని భూతద్దం పెట్టి చూస్తే సూదిమొనంత నల్లచుక్కలు కనిపిస్తాయి. అవి గుంటలు. గుంటలో కరిగిన ఇనుము అయాన్లు పాజిటివ్ కాబట్టి బయటున్న ఉప్పులోని క్లోరైడ్‌ని లోపలికి లాగుతాయి, అవే నీళ్ళతో చర్య జరిపి ఆమ్లం పుట్టిస్తాయి, గుంట అడుగున పిహెచ్ పడిపోతుంది, ఆమ్లం ఇంకొంత ఇనుముని కరిగిస్తుంది, ఇంకొంత క్లోరైడ్ వస్తుంది, ఇక ఆగదు. పైగా ఆ ఉప్పు తేమని లాక్కుంటుంది, పెయింట్ ఏదైనా కొద్దికొద్దిగా తేమని లోపలికి పోనిస్తూనే ఉంటుంది. గ్రైండర్ గుంటల మీద నుంచి జారిపోతుంది, కొన్నిసార్లు లోహాన్ని వాటి నోటిమీదకి రుద్ది మూసేస్తుంది కూడా. ఇసుకలాంటి రేణువుల్ని గాలితో జోరుగా కొట్టే బ్లాస్టింగ్ అయితే గుంటలోకి వెళ్తుంది. ఫాస్ఫారిక్ యాసిడ్, టానిక్ యాసిడ్ లాంటి, తుప్పుని వేరే గట్టి పొరగా మార్చే కన్వర్టర్లు పల్చటి తుప్పు వరకూ ఓకే, పొరలు పొరలుగా లేచిన తుప్పు మీద పూస్తే పైపొర నల్లబడి మనసుకి తృప్తి, అంతే.

చిల్లు పడ్డ రేకు మంచి లోహం తగిలేదాకా కోసెయ్యాలి, కొత్త ముక్కని పాతదాని మీద పరచకుండా అంచుకి అంచు కలిపి వెల్డ్ చెయ్యాలి, పరిస్తే మళ్ళీ సందు, మళ్ళీ మన చుక్క. తప్పనిసరిగా అతుకు వస్తే మధ్యలో జింక్ ప్రైమర్ వేస్తారు, ఇనుము కంటే జింక్‌కి ఎలక్ట్రాన్లు వదిలే తొందర ఎక్కువ కాబట్టి ముందు అదే కరుగుతుంది. రాగి తొడుగేసిన ఓడలకి హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రవేత్త 1824లోనే ఈ పద్ధతి పెట్టాడు, రాగి కరగడం ఆగింది గానీ ఆ రాగి విషం లేకపోయేసరికి నాచూ గుల్లలూ పట్టి ఓడలు నెమ్మదించాయి, పాపం.

ఇది చదివి, కరెంటు పంపి తుప్పు ఆపుతామంటూ కారుకి తగిలించే ఎలక్ట్రానిక్ తుప్పునివారణ డబ్బా కొనకండి. అలాంటి కరెంటు ఓడకి పనిచేస్తుంది, ఓడ మొత్తం నీళ్ళలో ఉంటుంది కాబట్టి సర్క్యూట్ పూర్తవుతుంది. కారు గాల్లో ఉంటుంది. తాయెత్తు కట్టినా అంతే ఫలితం, ఖర్చు తక్కువ.

మర్నాడు వాడి డోర్ లోపలి అట్ట ఊడదీసి టార్చ్ వేసి చూశాం. డోర్ అడుగున నీళ్ళు పోవడానికి మూడు చిల్లులు ఉండాలి. మూడిటినీ వాడి పెయింటే మూసేసింది. కిందనుంచి సన్న మేకుతో ఒకదాన్ని పొడిస్తే ఎర్రటి నీళ్ళు చెప్పులమీదకి కారాయి. బయట ఎంత రుద్దినా ఏం లాభం, పొక్కు లోపలివైపు నుంచి వచ్చింది. చిల్లులు తెరిచి, కడిగి, వారం ఎండబెట్టి, సందుల్లోకి పాకే పల్చటి వ్యాక్స్ స్ప్రే చేశాం, పెయింట్ సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాం.