ఇంగ్లీషు మాటలు బట్టీపడితే వస్తాయా? అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ టోలీచౌకిలో సూడాన్, యెమెన్, సోమాలియా విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పబట్టి పన్నెండేళ్లు. కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ ఎవరో ఒకరు నోట్‌బుక్ తెరిచి చూపిస్తారు. ఒకవైపు ఇంగ్లీషు మాట, ఇంకోవైపు అరబ్బీ అర్థం. "రోజుకు యాభై చదువుతున్నా మేడమ్, మూడు నెలలకు వచ్చేస్తుందా?" అంటారు. వీడియోల్లో చూసిందీ, ఎవరో చెప్పగా విన్నదీ. వినీవినీ విసిగిపోయి రాస్తున్నాను.

అపోహ: ఎన్ని పదాలు బట్టీపడితే అంత ఇంగ్లీషు.

వాస్తవం: ఒక మాట పక్కన ఏ మాట ఇముడుతుందో తెలియకపోతే, అర్థం తెలిసినా వాడలేం. మనం సిగరెట్ "తాగుతాం". అరబ్బీ వాడుకలోనూ తాగడమే. ఇంగ్లీషులో మాత్రం డ్రింక్ కుదరదు, స్మోక్ అనాలి. తప్పు "చేస్తాం" కదా అని డూ పెడితే చెల్లదు, మేక్ ఎ మిస్టేక్ అనాలి. రెండు వరసల నోట్‌బుక్‌లో ఈ సంగతి ఎక్కడా ఉండదు.

నాలుగు నోట్‌బుక్‌లు నింపిన సూడాన్ కుర్రాడొకడు ఇరానీ హోటల్లో "హెవీ టీ" అడిగాడు. వాళ్ల భాషలో గట్టి టీని "బరువైన" టీ అంటారు. సర్వర్ పెద్ద గ్లాసు నిండా మామూలు టీ తెచ్చాడు. రెండు మాటలూ వచ్చు, టీకి జోడీ స్ట్రాంగ్ అని మాత్రం తెలీదు. ఆ సాయంత్రం క్లాసులో "నా జ్ఞాపకశక్తి పాడైంది మేడమ్" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతని బుర్రలో ఏ లోపమూ లేదు. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థంలేని అక్షరాలను తానే బట్టీపట్టి 1885లోనే లెక్క తేల్చాడు: గంట తిరిగేసరికి సగానికి పైగా జారిపోతాయి. మర్నాడు, నాలుగో రోజు, మరుసటి వారం మళ్లీ ఎదురైతేనే నిలుస్తాయి. రోజూ యాభై కొత్తవి మీద పడుతుంటే పాతవాటి ముఖం చూసేదెప్పుడు?

అందుకే రోజుకు ఎనిమిది చాలంటాను. మేక్, డూ, టేక్, హ్యావ్ చీటీలు నలుగురికి ఇస్తాను. మిస్టేక్, హోంవర్క్, మెడిసిన్, బ్రేక్‌ఫాస్ట్ లాంటివి మిగతావాళ్లకు. లేచి తిరుగుతూ జోడీ వెతుక్కోవాలి. దొరికాక ఆ జంటతో, తమకు నిజంగా జరిగిన విషయం ఒకటి చెప్పాలి. మూడు రోజులాగి అవే చీటీలు మళ్లీ తీస్తాను. ఏ మాటలతో మొదలుపెట్టాలన్న బెంగ కూడా అక్కర్లేదు. బెంగాల్‌లో పనిచేసిన ఇంగ్లీషు బోధన నిపుణుడు మైకేల్ వెస్ట్ 1953లో తరచూ వాడే దాదాపు 2,000 ఇంగ్లీషు మాటల జాబితా వేశారు. మామూలు రచనల్లో నూటికి ఎనభై దాకా అవే తగులుతాయి. ముందు వాటి జోడీలు పట్టుకోండి.

మిగతా అపోహలు గబగబా చెప్తాను. క్లాసులో సొంతభాష వినిపించకూడదంటారు. హానెస్టీ లాంటి మాటకు అర్థం చెప్పడానికి పది నిమిషాలు అభినయించేకంటే అరబ్బీ మాట ఒక్కటి చెప్పేయడం మేలు. లెఫ్ట్, రైట్ ఒకేరోజు నేర్పితే తేలికంటారు. కలగలిసిపోతాయి, ఒకటి కుదురుకున్నాకే రెండోది. బ్రిటన్‌వాళ్లు చెబితేనే ఇంగ్లీషట. 1958లో పుట్టిన మన ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), పాతవాళ్లకు సీఫెల్, ఎన్నో దేశాలవాళ్లకు హైదరాబాద్‌లోనే నేర్పింది.

ఇక కల్చర్ క్లాసంటే క్రిస్మస్ చెట్టు, లండన్ బొమ్మలు అనుకుంటారు. నా దృష్టిలో నొప్పించకుండా కాదనడం, ఎదుటివాళ్లు కాదన్నారని గ్రహించడం అంతకంటే ముందు నేర్పాలి. మనం "చూద్దాం లెండి" అంటాం. నా విద్యార్థులూ ఒక్కోసారి "ఇన్షా అల్లా" అని ఊరుకుంటారు. ఇంగ్లీషులో "ఐ విల్ సీ వాట్ ఐ కెన్ డూ" అంటే కొన్నిసార్లు పని కాదనే. ఇద్దరిద్దరిని నిలబెట్టి, ఒకరు అద్దెకు ఇల్లు అడగాలి, రెండోవారు మెత్తగా కాదనాలి అన్నాను. సగంలో ఒక యెమెన్ అమ్మాయి ఆగిపోయింది. ఇంటి ఓనర్ తనతో సరిగ్గా ఇదే మాట అన్నాడట. మూడు వారాలుగా రోజూ అతనికి ఫోన్ చేస్తూనే ఉందట. "అది కాదనడమా మేడమ్?" అంది. ఆ రోజు మిగతా క్లాసంతా ఒక్క వాక్యమే పలికించాను: "షుడ్ ఐ లుక్ ఎల్స్‌వేర్, సర్?"