మంట కనిపిస్తోందిగా, మరి లాకౌట్ ఎందుకు? గ్యాస్ బర్నర్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: "సైట్ గ్లాసులో మంట కనిపిస్తూనే ఉంది. అయినా ట్రిప్ అవుతోందంటే సెన్సర్ పోయింది. కొత్తది వచ్చేదాకా బైపాస్‌లో నడిపిద్దాం."

బాయిలర్ హౌస్‌లో అన్నిటికన్నా ఖరీదైన మాట ఇదే. అర్ధరాత్రి స్టీమ్ కోసం ప్రొడక్షన్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే ఆపరేటర్ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో తెలుసు. అయినా సరే, యూవీ సెల్ (మంట నుంచి వచ్చే అతినీలలోహిత కాంతిని పసిగట్టే సెన్సర్) బయటికి లాగి లైటర్ చూపించి బర్నర్ నడపొద్దు. లోపల మంట ఆరిపోయినా కంట్రోలర్ లైటర్‌నే మంటనుకుంటుంది, గ్యాస్ వాల్వులు మూసుకోవు. గాలిలో నేచురల్ గ్యాస్ సుమారు 5 నుంచి 15 శాతం చేరితే చాలు, ఫర్నేస్ లోపల ఎర్రగా కాలిన రిఫ్రాక్టరీయే (వేడిని తట్టుకునే ఇటుకల పొర) అంటించేస్తుంది.

ముందు లాకౌట్ (కంట్రోలర్ బర్నర్‌ను ఆపేసి, రీసెట్ నొక్కేదాకా మళ్లీ స్టార్ట్ కానివ్వకపోవడం) ఏ దశలో పడిందో చూడండి. పర్జ్‌లోనే (వెలిగించే ముందు ఫ్యాన్ గాలితో ఫర్నేస్‌ను ఊడ్చే దశ) పడితే, గ్యాస్ తెరవకముందే కంట్రోలర్‌కు మంట కనిపించిందన్నమాట. యూవీ సెల్‌లోని ట్యూబ్ పాడైనా కావచ్చు, వాల్వ్ లీకై లోపల నిజంగానే మంట ఉన్నా కావచ్చు. ఇక్కడ రీసెట్ నొక్కకుండా చేత్తో తిప్పే గ్యాస్ కాక్ మూసి లీక్ టెస్ట్ చేయాల్సిందే.

రన్నింగ్‌లో పడుతూ, ఉన్నది ఫ్లేమ్ రాడ్ (మంటలో ఉండి, మంటగుండా పారే కరెంటుతో దాన్ని గుర్తించే కడ్డీ) అయితే, సప్లై ఆపి రాడ్ వైరుకు సిరీస్‌లో డీసీ మైక్రోఆంపియర్ మీటర్ కలిపి నడపండి. మాన్యువల్ చెప్పిన కనిష్ఠానికి దగ్గరగా రీడింగ్ ఊగుతుంటే రాడ్ తీసి చూడండి. తెల్లటి సిలికా పూత ఉంటే సన్నటి ఎమరీతో రుద్దండి. సిరామిక్‌లో వెంట్రుకంత పగులున్నా మార్చేయండి. అన్నీ బాగుండి కూడా సిగ్నల్ రాకపోతే ఎర్తింగ్ చూడాలి. ఆ కరెంటు మంటలోంచి బర్నర్ హెడ్‌కు, అక్కడినుంచి ఎర్త్ ద్వారా న్యూట్రల్‌కు చేరాలి. హెడ్ ఎర్త్ వదులైతే ఎన్ని కొత్త రాడ్లు వేసినా అదే ట్రిప్. డీజీ (డీజిల్ జనరేటర్) మీదకు మారినప్పుడే లాకౌట్ అవుతోందా? జనరేటర్ న్యూట్రల్ ఎర్త్ అయిందో లేదో చూడండి. ప్యానెల్ పని చేశాక మొదలైతే ఫేజ్, న్యూట్రల్ తారుమారయ్యాయేమో చూడండి. పాపం, వీటికి కొత్త కంట్రోలర్లు కొన్నవాళ్లు కూడా ఉన్నారు.

అపోహ: రాడ్ బర్నర్ బాడీకి తగిలితే మంట ఉన్నట్టే చూపిస్తుంది. చూపించదు. రాడ్‌కు ఇచ్చే ఏసీని మంట మాత్రమే డీసీగా మారుస్తుంది. షార్ట్‌లో అటూ ఇటూ ఏసీయే పారుతుంది, కంట్రోలర్ దాన్ని లెక్కలోకి తీసుకోదు.

అపోహ: యూవీ సెల్ పోతే బర్నర్ దానంతటదే ఆగిపోతుంది. అన్నిసార్లూ కాదు. ముసలిదైన ట్యూబ్ మంట లేకపోయినా కండక్ట్ చేస్తూనే ఉండొచ్చు. స్టార్ట్ అయిన ప్రతిసారీ కంట్రోలర్ ఈ లోపాన్ని పట్టుకుంటుంది. రోజుల తరబడి ఆగకుండా నడిచే బర్నర్‌లో ఆ అవకాశమే రాదు. అందుకే 24 గంటలు దాటి నడిచేవాటికి షట్టర్ ఉన్న సెల్ఫ్-చెక్ సెల్ (మధ్యమధ్యలో షట్టర్‌తో కాంతిని ఆపి తనను తానే పరీక్షించుకునేది) కావాలి.

అపోహ: సెల్ ముందు ఏ గాజైనా పర్వాలేదు. మామూలు గాజు యూవీని ఆపేస్తుంది. క్వార్ట్జ్ అద్దమే వేయాలి, దానిమీద నూనె పొర కూడా ఉండకూడదు.

అపోహ: ట్రిప్ అవ్వట్లేదంటే రక్షణ బాగున్నట్టే. పరీక్షించకుండా ఆ మాట అనొద్దు. యూవీ బర్నర్ అయితే నడుస్తుండగానే సెల్ తీసి చేత్తో మూయండి. మాన్యువల్ చెప్పిన సమయంలో, చాలావాటిలో సుమారు 1 సెకనులో, రెండు వాల్వులూ మూసుకోవాలి. ఫర్నేస్‌లో ప్రెషర్ ఉంటే సైట్ పైపులోంచి వేడి గ్యాస్ ముఖాన తన్నుతుంది, పక్కకు నిలబడి తీయండి.